కంటికి మొలిచిన రెక్క

కంటి జబ్బుల విషయంలో మన వాడుకభాష మహా పొదుపరి. చూపుకు ఏది అడ్డం వచ్చినా "పొర వచ్చింది" అనేస్తాం. లోపలి కటకం మసకబారితే శుక్లమనీ, నల్లగుడ్డు మీద పుండు మాని తెల్లమచ్చ మిగిలితే పువ్వనీ, కంటిలోపలి ఒత్తిడి పెరిగి చూపు తగ్గితే నీటికాసులనీ వేర్వేరు పేర్లు ఉన్నమాట నిజమే. కానీ ఇంట్లో ఒకరికి వస్తే తప్ప ఆ తేడాలు మనకు పట్టవు.

నేను చెప్పబోయేది వీటిలో ఏదీ కాదు. ముక్కువైపు కంటికొలికి దగ్గర బయలుదేరి, తెల్లగుడ్డు మీదుగా ఎర్రని నరాలతో పాకుతూ వచ్చి, మొన తిరిగిన త్రికోణంలా నల్లగుడ్డు మీదికి ఎక్కే కండ గురించి. వైద్యులు దీన్ని టెరీజియం అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు చిన్న రెక్క అని అర్థం. సంస్కృత వైద్యగ్రంథాలు అర్మ అన్నాయి. మా వైపు పల్లెల్లో "కంట్లో కండ పెరిగింది" అంటారు. ఈ మూడింటిలో మా ఊరి మాటే వాస్తవానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం. రెక్క అంటే ఎప్పుడో ఎగిరిపోతుందన్న ఆశ ఒకటి పుడుతుంది. కండ అన్నామంటే అది మన ఒంటిదేనని, దానంతటది పోదని తెలిసిపోతుంది.

2023 జనవరిలో నా కుడికంటి కండను తీయించుకున్నాను. ఆ తరువాత నన్ను అడిగినవాళ్ళందరూ దాదాపు ఒకే ప్రశ్న వేశారు: "ప్రమాదం లేనిదని అంటున్నారు కదా, మరి కోయించుకోవడం ఎందుకు?" ప్రశ్న చిన్నదే కానీ జవాబు కొంచెం పెద్దది. అందుకే తీరికగా రాస్తున్నాను.

*

ముందు కంటి కట్టడం గురించి నాలుగు ముక్కలు. తెల్లగుడ్డును కప్పి, రెప్పల లోపలి వైపు దాకా పరచుకున్న పలుచని తడిపొర ఒకటి ఉంటుంది. దాన్ని కంజంక్టైవా అంటారు. కండ్లకలక వచ్చినప్పుడు ఎర్రబడేది అదే. నల్లగుడ్డు ముందు గడియారపు అద్దంలా అమరి ఉన్న పారదర్శకమైన పొర కార్నియా. అడ్డంగా కొలిస్తే పదకొండు, పన్నెండు మిల్లీమీటర్లు. మందం నడిమధ్యలో సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు ఉండవు. ఉంటే వెలుతురు లోపలికి సరిగా పోదు. శరీరంలో ఇంత బతుకుబట్టీ నెత్తురు లేకుండా గడుపుకొచ్చే భాగాలు తక్కువ. కన్నీటి నుంచి, లోపలి ద్రవం నుంచి తనకు కావలసింది తీసుకొని అది అద్దంలా నిలబడుతుంది.

ఈ రెండింటికీ నడుమ సన్నని సరిహద్దు ఉంది. చెరువుకూ పొలానికీ మధ్య కట్ట లాంటిది. కార్నియా పైపొరను జీవితాంతం కొత్తగా పుట్టించే మూలకణాలు ఆ సరిహద్దులోనే కాపురం ఉంటాయి. తెల్లగుడ్డు మీది పొర నల్లగుడ్డు మీదికి రాకుండా అడ్డుకునేవి కూడా అవే. ఏళ్ళ తరబడి ఎండ దెబ్బకు ఒకచోట ఆ కట్ట బలహీనపడితే, అక్కడి నుంచి కండ లోపలికి ఎక్కుతుంది. అంటే ఇది బయటి నుంచి వచ్చిపడిన శత్రువు కాదు. మన పొరే, తన హద్దు దాటి పక్క పొలంలోకి వచ్చింది. సూక్ష్మదర్శిని కింద చూస్తే ఎండకు ముదిరిన ముఖచర్మంలో కనబడే మార్పులే ఈ కండ లోపలి నారలో కూడా కనబడతాయట.

ఎండకూ దీనికీ ఉన్న చుట్టరికం ప్రపంచపటం మీద కూడా కనబడుతుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన, దక్షిణాన 37 డిగ్రీల లోపున ఉన్న దేశాలలో ఈ జబ్బు ఎక్కువ. రైతులు, జాలరులు, రోడ్డు పని చేసేవారు, ఇసుకలోనూ దుమ్ములోనూ బతికేవారు దీని బారిన ఎక్కువగా పడతారు.

మరి ఎండ కన్నంతా పడుతుంటే కండ ముక్కువైపే ఎందుకు పెరుగుతుంది? నన్ను చాలాకాలం వేధించిన సందేహం ఇది. దీనికి ఆస్ట్రేలియా వైద్యుడు మినాస్ కొరోనియో 1990లలో ఒక సమాధానం ప్రతిపాదించాడు. కణత వైపు నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాలు కార్నియా వంపులో వంగి, భూతద్దం కింద ఎండ చుక్కలా కూడినట్టు, ముక్కువైపు సరిహద్దు మీద కేంద్రీకృతమవుతాయట. బయటి వైపు నుంచి వచ్చే వెలుతురు దెబ్బ లోపలి వైపు తగులుతుందన్నమాట. ఆ సంగతి తెలిసిన తరువాత నాకు ఇంకొకటి అర్థమైంది. నెత్తిన తలపాగా చుట్టుకున్నంత మాత్రాన కన్ను నీడలో ఉన్నట్టు కాదు. ప్రక్కల నుంచీ, నేల నుంచీ వచ్చే ఎండ మాట ఏమిటి?

*

నేల నుంచి వచ్చే ఎండ అంటే ఏమిటో ఉప్పు కొటార్లలో నిలబడినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

మాది చినగంజాం ప్రాంతం. భూగోళం మీద 15, 16 డిగ్రీల మధ్య ఉంటుంది. నా చిన్ననాడు ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. మా నాయన ఉప్పు కొటార్లలో మొదట కూలిగా, తరువాత బస్తాల లెక్క చూసే మేస్త్రీగా పనిచేశాడు. తొక్కి తొక్కి గట్టిపరచిన మళ్ళలోకి ఉప్పునీరు పెట్టి, ఎండకు అది ఇగిరి గింజ కడుతుంటే, పొడవాటి కర్రకు బిగించిన చెక్క పలకతో లాగి గట్టున పోయాలి. పంట ముమ్మరంగా ఉండేది నడివేసవిలోనే. ఎండ ఎంత తీవ్రంగా ఉంటే ఉప్పు అంత బాగా పండుతుంది. కనుచూపు మేరా తెల్లని మళ్ళు, తెల్లని కుప్పలు, వాటి మీద మిట్టమధ్యాహ్నపు సూర్యుడు. పైన ఒకటి, కింద ఒకటి, రెండు ఎండలు అనేవాళ్ళు మా వాళ్ళు. వేసవి సెలవులలో నేనూ వెళ్ళేవాణ్ణి. డిగ్రీ చదువు పూర్తయేదాకా ప్రతి వేసవీ ఆ తెలుపులోనే గడిచింది.

అక్కడ నలభై దాటిన మగవాళ్ళలో కంట్లో కండ లేనివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అది జబ్బని ఎవరూ అనుకునేవారు కారు. అరచేతుల్లో కాయలు కాచినట్టే, పాదాలు పగిలినట్టే, కళ్ళల్లో కండ. ఎర్రబడితే చన్నీళ్ళు కొట్టుకునేవారు. కొందరు ఆకుపసర్లు పిండించుకునేవారు. ఆ పసరు వల్ల నల్లగుడ్డు పుండు పడి కన్ను పోగొట్టుకున్న మనిషి ఒకరు మా వీధిలోనే ఉండేవారు.

నాయన ఎడమకంటి కండ కనుపాప అంచు దాకా వచ్చింది. లెక్కల పుస్తకంలో అంకెలు అలికినట్టు కనబడుతున్నాయని, 1984లో దగ్గరి పట్నంలో చూపించుకుంటే కోసి తీసేశారు. కట్టు విప్పిన తరువాత కన్ను తెల్లగా, పదహారేళ్ళ కుర్రవాడి కన్నులా మెరిసింది. అమ్మ అద్దం తెచ్చి చూపించింది. నాయన అద్దంలో తనను తాను అంతసేపు చూసుకోవడం నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

మూడు నెలలకు కొలికి దగ్గర ఎరుపు మొదలైంది. సంక్రాంతి నాటికి కండ తిరిగి నల్లగుడ్డెక్కింది. ఈసారి మొదటిదాని కంటే దళసరిగా, గట్టిగా, మచ్చకట్టిన చర్మంలా వచ్చింది. అది కంటిని ముక్కువైపు పట్టి లాగి ఉంచేది. దానితో ఎడమపక్కకు చూస్తే ఒక వస్తువు రెండుగా కనబడేది. గట్టున పేర్చిన బస్తాలు రెండింతలయ్యేవి. నాయన ఒక కన్ను చేత్తో మూసుకొని బస్తాలు లెక్కపెట్టేవాడు. పక్కవాళ్ళు నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. కానీ రెండేళ్ళకు మేస్త్రీ పని వదిలేశాడు.

మళ్ళీ కోయించుకోమని తరువాత ఎందరో చెప్పారు. "కోసిన కొమ్మకే చిగుళ్ళు ఎక్కువరా అబ్బాయ్" అని ఆయన ఊరుకున్నాడు. 2006లో పోయేవరకు ఆ కన్ను అలాగే ఉండిపోయింది. ఊళ్ళో దాన్ని మొండితనం అన్నారు. నాకు మాత్రం అది అనుభవం చెప్పిన మాటగానే వినబడేది. ఎందుకంటే ఆయన చూసింది ఆయన చూశాడు. తప్పు కోయడంలో లేదనీ, కోసిన తరువాత ఏమి చేశారన్నదానిలో ఉందనీ ఆయనకు చెప్పగలిగినవాళ్ళు ఆ రోజున ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

*

ఆ రోజులలో చాలాచోట్ల అనుసరించిన పద్ధతి సులువైనది. కండను తీసి, కింద ఉన్న తెల్లగుడ్డును బోసిగా వదిలేసేవారు. దానంతటది పొర కప్పుకుంటుందని. నిజానికి కప్పుకునేది. కానీ ఖాళీ చేసిన పొలం ఖాళీగా ఉండదు. దగ్గరలో ఎవరు ముందుంటే వాళ్ళు ఆక్రమిస్తారు. ముందుండేది కొలికిలో మిగిలిపోయిన ఆ కండ వేరే. పైగా కోతవల్ల కలిగిన వాపు దానికి ఎరువు. ఈ పద్ధతిలో చేసిన కళ్ళలో మూడో వంతుకు తక్కువ కాకుండా, కొన్నిచోట్ల సగానికి మించి, కండ తిరిగి వచ్చినట్టు వైద్యసాహిత్యం చెబుతోంది.

తిరిగి రాకుండా చేయడానికి వైద్యులు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. కిరణాలతో కాల్చారు. కణాల పెరుగుదలను ఆపే మైటోమైసిన్ అనే మందును జపానులో 1960లలోనే వాడారు. పని చేసింది కానీ, కొందరిలో తెల్లగుడ్డే పలచబడి కరిగే ప్రమాదం వచ్చింది. అసలైన మలుపు 1985లో. కెన్యన్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు ఒక వ్యాసం ప్రచురించారు. కండ తీసిన ఖాళీలో అదే కంటి పైరెప్ప చాటున, ఎండ తగలకుండా ఉన్న చోటి నుంచి తీసిన ఆరోగ్యమైన పొర ముక్కను అతికించడం వారి పద్ధతి. తిరిగి రావడం ఆ రోగులలో సుమారు ఐదు శాతానికి పడిపోయింది. ఈ పద్ధతే ఇవాళ ప్రపంచమంతటా మొదటి ఎన్నిక.

నాయనకు కోసింది 1984లో. వ్యాసం వచ్చింది 1985లో. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు ఎవరి మీదా కోపం రాలేదు. ఆ పద్ధతి సముద్రాలు దాటి మా పట్నం చేరడానికి ఇంకెన్నేళ్ళు పట్టి ఉంటుందో ఊహించగలను. అయినా ఒక్క ఏడాది తేడా మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇంతకీ కండ తిరిగి వస్తుందన్న సంగతి కొత్తదేమీ కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో అర్మ చికిత్సకు ఒక అధ్యాయంలో చాలా చోటు దక్కింది. ప్రస్తారి, శుక్ల, క్షతజ, అధిమాంస, స్నాయు అని అర్మలు ఐదు రకాలన్నాడు. రోగికి నేతితో కూడిన భోజనం పెట్టి, కంట్లో ఉప్పుపొడి వేసి కండను కదిలించి, చెమర్చేలా కాపడం పెట్టి, ముడతపడిన చోట కొక్కెంతో పట్టి పైకెత్తి, మండలాగ్రమనే గుండ్రని మొన ఉన్న కత్తితో కోయమన్నాడు. కొలికి దగ్గర కొంత భాగం వదలాలనీ, కొలికి తెగితే నెత్తురు కారి నాడీవ్రణం పుడుతుందనీ హెచ్చరించాడు. అక్కడితో ఆగలేదు. కోత చాలకపోతే కండ త్వరలోనే మళ్ళీ పెరుగుతుందని కూడా చెప్పాడు.

మన ప్రాచీనులకు అన్నీ తెలుసునని చాటడానికి ఇది చెప్పడం లేదు. మత్తుచుక్కలు లేని కాలంలో, కంట్లో ఉప్పుపొడి వేయించుకొని పడుకున్న ఆ రోగిని తలచుకుంటే పొగడాలన్న ఉత్సాహం తగ్గుతుంది. నన్ను ఆకట్టుకున్నది వేరు. తన పద్ధతి ఎక్కడ విఫలమవుతుందో రాసిపెట్టిన నిజాయితీ. నాయన చెప్పిన చిగుళ్ళ మాటా, ఆ హెచ్చరికా ఒకటేనని నాకనిపించింది.

*

నా కంటి కథకు వస్తాను. 1998 ప్రాంతంలో నల్లగుడ్డు పక్కన పసుపుపచ్చని చిన్న బొడిపె కనబడింది. అది హద్దు దాటనంతవరకు దానికి వేరే పేరు, దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. 2010 నాటికి హద్దు దాటింది. ఏడాదికొకసారి కొలిపించుకునేవాణ్ణి. పన్నెండేళ్ళు అది నత్తనడకన నడిచింది. 2022లో మూడున్నర మిల్లీమీటర్లు లోపలికి వచ్చిందన్నారు.

చూపు పోలేదు, మారింది. కండ కార్నియాను ఒకవైపు లాగి, దాని వంపును చెడగొడుతుంది. గుండ్రని గిన్నె ఒక పక్క నొక్కుకుపోయినట్టు. దానితో ఒక దిశలో గీతలు స్పష్టంగానూ, ఇంకొక దిశలో అలికినట్టుగానూ కనబడతాయి. ఆంగ్ల అక్షరాలకు ఇది కొంతవరకు సర్దుకుపోతుందేమో కానీ తెలుగు లిపి దగ్గర దొరికిపోతాం. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. ఒత్తులు కింద నీడల్లా వ్రేలాడతాయి. పాత పుస్తకాలలో "ధ"కు పొట్టలో గీత ఉందో లేదో చూడడానికి దీపం కింద పుస్తకాన్ని తిప్పి తిప్పి పట్టుకోవలసి వచ్చేది. రెండేళ్ళలో రెండుసార్లు కళ్ళద్దాలు మార్చాను. రాతా చదువూ తప్ప ఇంకో వ్యసనం లేనివాడికి ఇది చిన్న విషయం కాదు.

అయినా కోయించుకోవడానికి మనసు ఒప్పలేదు. కారణం మీకు తెలుసు. నాయన కన్ను.

నేను వెళ్ళిన డాక్టరమ్మ తొందరపెట్టలేదు. కాగితం మీద కన్ను బొమ్మ గీసి చెప్పింది. "ఇది కాన్సరు కాదు. చిన్నగా, కదలకుండా ఉంటే కోయమని మేము చెప్పం. కనుపాపకు దగ్గరవుతున్నా, వంపు మారి చూపు చెడుతున్నా, కన్ను తిరగడానికి అడ్డమవుతున్నా, రూపం అనుమానంగా ఉన్నా తీయాలి. మీకు మొదటి రెండూ ఉన్నాయి. చుక్కల మందు ఎరుపును తగ్గిస్తుంది కానీ కండను కరిగించదు సార్."

నాయన సంగతి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "కండను తీయడం చిన్న పని. ఆ ఖాళీని ఎలా పూడుస్తామన్నదే అసలు పని" అంది. నేను వెతుక్కుంటున్న వాక్యం అదే. తిరిగి వచ్చే అవకాశం సున్నా అని మాత్రం ఆమె అనలేదు. అనలేదు కాబట్టే నమ్మాను. మా ఇంట్లో నీటికాసులు ఎవరికైనా ఉన్నాయా అని అడిగింది. ఎందుకంటే పైరెప్ప కింది పొర ఆ జబ్బు శస్త్రచికిత్సలో అవసరపడుతుంది. పైగా తరువాత వాడే స్టెరాయిడ్ చుక్కలు కొందరిలో కంటి ఒత్తిడిని పెంచుతాయి. లేవన్నాను.

*

శస్త్రచికిత్సకు ముప్పావు గంట పట్టింది. ముందు మత్తుచుక్కలు, తరువాత కండ కిందికి సన్నని సూదితో మత్తుమందు. సూది గుచ్చుకున్నట్టు తెలియలేదు, ఏదో ఉబ్బినట్టు మాత్రం తెలిసింది. రెప్పలు మూసుకోకుండా ఒక తీగ అమర్చారు. మెలకువగా ఉండి, సొంత కంటి మీద కత్తి ఆడుతుంటే ఏమి కనబడుతుందని చాలామంది అడుగుతారు. ఏమీ కనబడదు. సూక్ష్మదర్శిని దీపపు తెల్లని వెలుతురు తప్ప. ఉప్పు మళ్ళ మీది వెలుతురు అంత తెల్లన. అందులో అప్పుడప్పుడు ఒక నీడ కదులుతుంది. మాటలు వినబడతాయి. నల్లగుడ్డును గీకి నునుపు చేస్తున్నప్పుడు పలక మీద బలపం రాసినట్టు చిన్న చప్పుడు వినిపించినట్టనిపించింది.

కండ తీసిన తరువాత ఆమె ఖాళీని కొలిచి అంకెలు చెప్పింది. "ఇప్పుడు కిందికి చూడండి" అంది. పైరెప్ప చాటు నుంచి, కింది నారతో సంబంధం లేకుండా ఉల్లిపొరంత పలుచని ముక్కను తీసి ఖాళీలో పరచింది. సరిహద్దు వైపు అంచు సరిహద్దు వైపే ఉండేలా. దాన్ని నిలపడానికి మూడు మార్గాలు. ఒకటి వెంట్రుక కంటే సన్నని దారంతో కుట్లు. రెండోది మనిషి రక్తంలోని పదార్థాలతో తయారైన జిగురు. మూడోది ఖర్చు లేనిది. కోసిన చోట ఊరే సొంత నెత్తురే గడ్డకట్టి జిగురుగా పనిచేయడం. అందులో ముక్క జారిపోయే ప్రమాదం కొంచెం ఎక్కువ. కుట్లయితే నలక పడినట్టు పొడుస్తూ ఉంటాయి. నా విషయంలో నెత్తురు సరిపడా ఊరుతోందని మూడోదే ఎంచుకుంది. "పది నిమిషాలు కదలకండి" అంది.

ఆ పది నిమిషాలు నేను చేయవలసినదల్లా ఊరికే ఉండడం. నా పొర, నా నెత్తురు, నా కన్ను. బయటి వస్తువు ఒక్కటీ లేదు. హద్దు దాటి వచ్చింది నాదే. ఆ ఖాళీని కాపలా కాయడానికి వచ్చినదీ నాదే. ఏ ఎండా తగలక రెప్ప చాటున పెరిగినది మాత్రం. వేదాంతం చెప్పాలని లేదు కానీ, అలా పడుకొని ఉన్నప్పుడు మనిషికి ఇలాంటి ఆలోచనలు రాకమానవు.

నొప్పి సంగతి దాచను. మత్తు దిగిన తరువాత మొదటి రెండు రాత్రులు కంట్లో ఇసుక పోసి రుద్దినట్టుంది. నల్లగుడ్డు మీది గాయం పూడేదాకా అంతే. మరుసటి రోజు కట్టు విప్పినప్పుడు అతికిన ముక్క ఉబ్బి, ఎర్రగా, చోటు కదలకుండా ఉంది. వారం దాకా తలమీద నీళ్ళు పోసుకోవద్దన్నారు. కన్ను నలపవద్దన్నారు. ఇది వినడానికి తేలిక, నిద్రలో చేతికి తెలియదు కదా. రాత్రిళ్ళు గట్టి ప్లాస్టిక్ మూత అతికించుకొని పడుకున్నాను. స్టెరాయిడ్ చుక్కలు మొదట రోజుకు ఆరుసార్లు, తరువాత తగ్గించుకుంటూ దాదాపు రెండు నెలలు. మధ్యలో రెండుసార్లు కంటి ఒత్తిడి చూశారు. ఈ చుక్కలను మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొని నెలల తరబడి వేసుకునేవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. ఎరుపు పోతుంది కాబట్టి మంచిదే అనుకుంటారు. ఎరుపుతో పాటు చూపూ పోవచ్చునని దయచేసి తెలిసినవాళ్ళకు చెప్పండి.

తీసిన కండను పరీక్షకు పంపారు. ఎండ వల్ల వచ్చే మామూలు మార్పులే తప్ప అనుమానించదగినవి లేవని పది రోజులకు కాగితం వచ్చింది. కంటి మీద పెరిగిన ప్రతిదీ టెరీజియమే కాదు, కొన్ని అరుదుగా కాన్సరుకు దారితీసేవి దీనిలాగే కనబడతాయి. అందుకే ఆ కాగితం అడిగి తీసుకోవడం మంచిది.

తిరిగి రావలసి ఉంటే మొదటి ఏడాదిలోనే ఎక్కువగా వస్తుందన్నారు. ఆ ఏడాదంతా రోజూ పొద్దున్నే అద్దంలో కొలికి వైపు చూసుకున్నాను. మూడో నెల గడిచింది. నాయనకు ఎరుపు మొదలైన నెల అది. సంక్రాంతి వచ్చింది. నాయన కండ నల్లగుడ్డెక్కిన పండుగ అది. నా కంట్లో ఏమీ రాలేదు. వంపు చాలావరకు సర్దుకుంది, కొత్త కళ్ళద్దాలతో గుడి గుడిలాగా, దీర్ఘం దీర్ఘంలాగా కనబడుతున్నాయి. సంతోషం కలిగింది. అయితే ఆ సంతోషం సగమే. అమ్మ అద్దం పట్టుకున్న ఆ రోజు నాయన ముఖం గుర్తుకు రాకుండా నా కన్ను నేను చూసుకోలేను.

*

మా చిన్నాన్న కొడుకు ఇప్పటికీ కొటార్లలోనే పనిచేస్తాడు. నా కన్ను చూసి, "అన్నా, నేనూ తీయించుకోనా?" అన్నాడు. తీసుకువెళ్ళి చూపించాను. రెండు కళ్ళలోనూ ఉంది కానీ ఒకటిన్నర మిల్లీమీటరు దాటలేదు, చూపు చెడలేదు. వయసు కూడా తక్కువ. చిన్నవయసులో కోస్తే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువట. పైగా అతను మళ్ళీ ఆ తెలుపులోకే వెళ్ళాలి. ఇప్పుడు కోయవద్దు, ఏడాదికొకసారి కొలుద్దాం, ఎండను ఆపుకోండి అన్నారు.

ఎండను ఆపుకోవడం అంటే చలువ కళ్ళద్దాలు. పక్కలు కూడా మూసి ఉండేవి, అంచు టోపీతో పాటు. చౌకగానే దొరుకుతాయి. కష్టం డబ్బులో లేదు. ఉప్పు మళ్ళలో పలక లాగే మనిషి నల్లద్దాలు పెట్టుకుంటే, మొదటి రోజు గట్టు మీద ఈలలు వేశారు. "హీరోగారొచ్చారు" అన్నారు. ఎండను భరించడం మగతనమనీ, నీడ పెట్టుకోవడం సోకు అనీ మనలో పాతుకుపోయిన భావం ఒకటుంది. కత్తికి భయపడనివాళ్ళు కూడా ఆ నవ్వుకు భయపడతారు. అతను రెండు రోజులు తీసి జేబులో పెట్టుకున్నాడు. మూడో రోజు పెదనాన్న ఒక కన్ను మూసుకొని బస్తాలు లెక్కపెట్టడం గుర్తొచ్చిందట. తీసి పెట్టుకున్నాడు.

ప్రమాదం లేనిదాన్ని ఎందుకు కోయించుకోవాలన్న ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇంతే. కొందరికి కోయాలి, కొందరికి కోయకూడదు, కొలిచి చూస్తే తప్ప ఎవరికి ఏదో తెలియదు. కోస్తే ఖాళీని బోసిగా వదలకుండా పూడ్చేవాళ్ళ చేతనే కోయించుకోవాలి. అన్నిటికంటే ముందు నీడ కావాలి. మీ ఇంట్లో పొలంలోనో, పడవ మీదో, రోడ్డు మీదో జీవితం గడిపిన పెద్దవాళ్ళుంటే, ఈసారి వెళ్ళినప్పుడు వాళ్ళ కళ్ళలోకి ఒకసారి చూడండి.

మా తమ్ముడి కళ్ళు మరుసటి ఏడాది మళ్ళీ కొలిపించాం. కండ ఉన్నచోటే ఉంది. గట్టు మీద ఇప్పుడు నల్లద్దాలు పెట్టుకునేవాళ్ళు నలుగురయ్యారని చెప్పాడు.